నెల తప్పాక ఎర్రమచ్చ కనబడితే ఏం చూడాలి, ఎప్పుడు బయల్దేరాలి

నెల తప్పి, కిట్‌లో రెండు గీతలు వచ్చి, నాలుగు రోజులైనా కాకముందే లోదుస్తుల మీద చిన్న ఎర్రమచ్చ కనబడుతుంది. ఇంట్లో పెద్దావిడ "మొదట్లో అందరికీ అవుతాదే, ఏటీ అవ్వదు" అంటుంది. తోటికోడలు "పోయిందేమో" అని కంగారు పడుతుంది. రెండు మాటలూ తొందరపాటువే. మొదటి మూడు నెలల్లో సుమారు నలుగురు గర్భిణుల్లో ఒకరికి ఎంతో కొంత రక్తం కనబడుతుంది. వాళ్ళలో చాలామందికి కడుపు నిలిచి, కాన్పు మామూలుగానే అవుతుంది. అయితే గర్భసంచిలోకి రాకుండా దాని పక్కనుండే ట్యూబులో ఇరుక్కున్న గర్భానికి మొదటి గుర్తు కూడా అచ్చం అలాంటి మచ్చే. మచ్చ సైజు చూసి ఈ రెండింటినీ విడదీయడం ఎవరి వల్లా కాదు, డాక్టరు వల్ల కూడా కాదు. గర్భం ఎక్కడ నిలిచిందో స్కాన్‌లో కనబడేదాకా "కొంచెమే కదా" అని ఊరుకోకూడదు.

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు మన తెలుగు ఇళ్ళకి దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. దగ్గరి ఆసుపత్రి ఒడిశాలో, అలవాటైన డాక్టరు ఆంధ్రాలో. ఎటు పోవాలో తేల్చుకునేలోపే పూట గడిచిపోతుంది. ఆ సంగతి కిందకి వస్తుంది.

ఇవి ఉంటే మిగతాది తర్వాత చదవండి, ముందు బయల్దేరండి

పొత్తికడుపులో ఒక పక్కన పొడిచినట్టు, లేదా తగ్గకుండా పెరిగిపోయే నొప్పి. భుజం కొసన నొప్పి, ముఖ్యంగా పడుకున్నప్పుడు. కళ్ళు తిరగడం, చెమటలు పట్టి సొమ్మసిల్లడం. దొడ్డికి వస్తున్నట్టు కింద ఒత్తిడి, కూర్చోలేకపోవడం. పెద్ద ప్యాడ్ గంటలోనే పూర్తిగా తడిసి, వరసగా రెండు గంటలు అలాగే కావడం. పెద్ద పెద్ద గడ్డలు పడడం. జ్వరం, చలి, దుర్వాసనతో స్రావం.

వీటిలో ఒక్కటి ఉన్నా అర్ధరాత్రి అయినా ఆగొద్దు. భుజం నొప్పి చాలామందికి వింతగా అనిపిస్తుంది. ట్యూబు పగిలి కడుపులోకి కారిన రక్తం పైన ఉదరవితానాన్ని (ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండరాల పొరని) తాకితే, అక్కడి నరం ఆ నొప్పిని భుజంలో చూపిస్తుంది. బయట ప్యాడ్ మీద చుక్కే ఉంటుంది, లోపల మాత్రం లీటరు రక్తం పోయి ఉండొచ్చు. "రక్తం ఎక్కువ పడట్లేదు కదా, తెల్లారాక చూద్దాం" అనే మాట ప్రాణాలు తీసేది ఇక్కడే.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవాళ్ళకి నెల తప్పితే ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. "ఆపరేషన్ అయిపోయింది, కడుపెలా వస్తుంది" అని మచ్చని నెలసరి తేడాగా తీసిపారేస్తారు. ఆపరేషన్ అరుదుగా ఫెయిలవుతుంది. అలా ఫెయిలై వచ్చిన గర్భాల్లో ట్యూబులో నిలిచేవి మామూలు కంటే చాలా ఎక్కువ. కాపర్ టీ ఉండగా వచ్చిన గర్భం, ఇదివరకు ట్యూబు గర్భం వచ్చినవాళ్ళు, ట్యూబులు తిరిగి కలిపించుకున్నవాళ్ళు, గర్భసంచికి ఇన్‌ఫెక్షన్ వచ్చి తగ్గినవాళ్ళు కూడా ఈ లెక్కలోకే వస్తారు. వీళ్ళకి నొప్పి లేకపోయినా, మచ్చ కనబడిన రోజే స్కాన్ కావాలి. మొత్తం మీద వంద గర్భాల్లో ఒకటో రెండో ట్యూబులో నిలుస్తాయి. ఎక్కువగా 6 నుంచి 8 వారాల మధ్య బయటపడతాయి. పగలకముందే తెలిస్తే కొందరికి మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌తోనే నయమవుతుంది, పగిలాక ఆపరేషన్ తప్పదు.

మచ్చని సరిగ్గా చూడడం

పై గుర్తులేవీ లేకపోతే కంగారు పక్కనబెట్టి, నాలుగు సంగతులు రాసుకోండి. డాక్టరు మొదట అడిగేవి ఇవే.

మొదటిది వారాలు. "రెండో నెల నడుస్తోంది" అంటే ఒకరికి ఐదో వారం, ఇంకొకరికి ఎనిమిదో వారం. ఆఖరి ముట్టు మొదలైన తేదీ నుంచి లెక్కపెట్టండి. ముట్టు జూన్ 5న మొదలైతే జూలై 3కి 4 వారాలు, జూలై 17కి 6 వారాలు, జూలై 31కి 8 వారాలు నిండుతాయి. ముట్టు క్రమంగా రానివాళ్ళు, పాలిస్తూ ఉండగానే కడుపు వచ్చినవాళ్ళు ఆ మాట తప్పకుండా చెప్పాలి. వాళ్ళ విషయంలో తేదీ లెక్క పదిపదిహేను రోజులు తప్పొచ్చు.

రెండోది, రక్తం ఎక్కడి నుంచి వస్తోంది. మూత్రం పోసేటప్పుడు మంటగా ఉండి, నీళ్ళే ఎర్రగా ఉంటే అది మూత్రం ఇన్‌ఫెక్షన్ కావచ్చు. దొడ్డికి వెళ్ళాక మాత్రమే కనబడితే మొలలు కావచ్చు, గర్భిణులకి మలబద్ధకం వల్ల అవి మామూలే. శుభ్రంగా కడుక్కుని తెల్లటి ప్యాడ్ పెట్టుకుని రెండు మూడు గంటలు చూడండి. మచ్చ ప్యాడ్ మధ్యలో పడుతోందంటే యోని నుంచే వస్తున్నట్టు. పాత చీర గుడ్డ వాడేవాళ్ళు లేత రంగుది, ఉతికి ఎండలో ఆరినది తీసుకోండి. ముదురు రంగు గుడ్డ మీద రంగూ తెలియదు, ఎంతో కూడా తెలియదు. లోపలికి పెట్టుకునేవి, లోపల కడగడం రెండూ వద్దు.

మూడోది రంగు. కాఫీ పొడి రంగు, గోధుమ రంగు అంటే పాత రక్తం నిదానంగా దిగుతోందని. గులాబీ రంగు అంటే కొద్ది రక్తం తెల్లబట్టతో కలిసిందని. చిక్కటి ఎరుపు అంటే ఇప్పుడు కారుతోందని. గోధుమ రంగు కాస్త ఊరట కలిగించేదే, కానీ ట్యూబు గర్భంలో కూడా అదే రంగు రావచ్చు కాబట్టి దాన్ని నమ్ముకుని స్కాన్ మానకండి.

నాలుగోది ఎంత, దానితో పాటు ఏముంది. చుక్కలా, ప్యాడ్‌లో సగమా, రోజుకి ఎన్ని ప్యాడ్‌లు, నొప్పి ఏ వైపు, భార్యాభర్తలు కలిసిన తర్వాత వచ్చిందా, ఏదైనా మాత్ర వేసుకున్నాక వచ్చిందా. తేదీ, టైముతో ఫోన్‌లో రాసుకోండి. ప్యాడ్‌ని ఫొటో తీసి పెట్టుకోవడానికి సిగ్గుపడకండి. మాంసపు ముక్కలాంటిది గానీ, ద్రాక్షగుత్తిలాంటి నీటి బుడగలు గానీ పడితే మూతున్న శుభ్రమైన డబ్బాలో వేసి తీసుకెళ్ళండి. ఆ బుడగలు ముత్యాల గర్భం అనే అరుదైన రకానికి గుర్తు, దానికి తర్వాత నెలల తరబడి రక్తపరీక్షలు కావాలి.

ఎందుకు వస్తుంది

పిండం గర్భసంచి గోడకి అంటుకునేటప్పుడు, అంటే గర్భం వచ్చిన 10 నుంచి 14 రోజుల మధ్య, కొందరికి ఒకటి రెండు రోజులు చుక్కలు కనబడతాయి. సరిగ్గా ముట్టు రావాల్సిన రోజుల్లోనే కాబట్టి కొందరు దాన్నే ముట్టు అనుకుని తేదీ తప్పు చెబుతారు. "ఈసారి చాలా తక్కువ అయింది, రెండు రోజులే" అని గుర్తొస్తే దాని ముందు ముట్టు తేదీ కూడా చెప్పండి.

గర్భం వచ్చాక గర్భసంచి మూతికి రక్తప్రసరణ బాగా పెరుగుతుంది. కలిసినప్పుడో, లోపలి పరీక్ష చేసినప్పుడో, అక్కడ పుండులాంటిదో చిన్న కండ పెరుగుదలో ఉంటేనో సులువుగా చుక్కలు వస్తాయి. బిడ్డకి దీనివల్ల ఏమీ కాదు. కొందరికి పిండం సంచికీ గర్భసంచి గోడకీ మధ్య కొద్దిగా రక్తం గడ్డకడుతుంది. స్కాన్ రిపోర్టులో దీన్ని సబ్‌కోరియానిక్ హెమటోమా అని రాస్తారు. చిన్నవి ఎక్కువగా వాటంతట అవే కరిగిపోతాయి. కరిగేటప్పుడు గోధుమ రంగు స్రావం కొన్ని వారాలు సాగొచ్చు.

ఇక కడుపు పోవడం. తెలిసిన గర్భాల్లో నూటికి 10 నుంచి 20 దాకా మొదటి నెలల్లోనే పోతాయి. వాటిలో సగం దాకా పిండం ఏర్పడేటప్పుడే క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల జరిగేవి. బొప్పాయి తినడం వల్లో, బిందె మోయడం వల్లో, బస్సు కుదుపుకో, కాక చేసే తిండి వల్లో కాదు. కోడలి తిండి మీద, పని మీద నెపం పెట్టే ఇళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలి.

మన కొండ ప్రాంతానికి సంబంధించి ఒకటి విడిగా చెప్పాలి. కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో మలేరియా ఉంది. గర్భిణికి మలేరియా వస్తే కడుపు నిలవకపోయే ప్రమాదం పెరుగుతుంది. జ్వరంతో పాటు మచ్చ కనబడితే ఆశా దీదీ దగ్గర మలేరియా కిట్‌తో ఆ రోజే పరీక్ష చేయించుకోండి. మాత్ర మింగేముందు "నేను కడుపుతో ఉన్నాను" అని తప్పక చెప్పండి. ప్రైమాక్విన్ లాంటి కొన్ని మలేరియా మందులు గర్భిణులకి ఇవ్వకూడదు.

ముట్టు రావడానికని మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చి వేసుకున్నాక రక్తం మొదలైతే, అది దాచకుండా డాక్టరుకి చెప్పండి. ఆ మాత్రలు ట్యూబులో ఉన్న గర్భాన్ని తీయలేవు. రక్తం పడింది, పని అయిపోయింది అనుకుంటుండగానే ట్యూబు పగలొచ్చు. అక్కర్లేని గర్భాన్ని ఆసుపత్రిలో తీయించుకోవడం 1971 గర్భస్రావ చట్టం (ఎంటీపీ) ప్రకారం, అందులోని షరతులకు లోబడి, అనుమతి ఉన్నదే. చాటుగా చేసుకోవాల్సిన అవసరం లేదు.

ఎటు వెళ్ళాలి, ఏం పట్టుకెళ్ళాలి

ప్రమాద గుర్తులుంటే రాష్ట్రం సంగతి మరిచిపోండి. స్కాన్, ఆపరేషన్, రక్తం మూడూ దొరికే ఆసుపత్రుల్లో ఏది తొందరగా అందితే అదే. పర్లాకిమిడి, రాయగడల్లో జిల్లా ఆసుపత్రులున్నాయి. పెద్ద వైద్యానికి బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ, కోరాపుట్‌లో సహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉన్నాయి. విశాఖ కేజీహెచ్ మంచిదే, కానీ ట్యూబు పగిలిందేమో అన్న అనుమానంతో రాయగడ నుంచి విశాఖకి రైలు కోసం ఎదురుచూడడం తప్పు. ముందు జిల్లా ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి, నాడి నిలబెట్టాక వాళ్ళే పంపిస్తే పంపిస్తారు.

108కి ఫోన్ చేస్తే మొదటి మాటగా రాష్ట్రం, జిల్లా, బ్లాకు చెప్పండి. మనకి మండలం అని నోటికొచ్చేస్తుంది, ఒడిశాలో బ్లాకు అనాలి. రాయగడ పేరుతో ఒక జిల్లా ఉంది, గజపతి జిల్లాలో ఒక బ్లాకూ ఉంది. ఏ రాయగడో చెప్పకపోతే బండి ఇంకో దారి పట్టొచ్చు. ఒడియా సరిగ్గా రానివాళ్ళు ఈ ముక్కలు నేర్చుకుంటే సరిపోతుంది: "మూ గర్భవతి" (నేను కడుపుతో ఉన్నాను), "రక్త పడుఛి" (రక్తం పడుతోంది), "పేట బింధుఛి" (కడుపు నొప్పి), "ముండ బులాఉఛి" (కళ్ళు తిరుగుతున్నాయి). వారాల లెక్క, రక్తం గ్రూపు ఒక కాగితం మీద అంకెల్లో రాసిస్తే భాషతో పని లేదు.

కూడా తీసుకెళ్ళాల్సినవి: తల్లీబిడ్డల కార్డు, పాత స్కాన్ రిపోర్టులు, వాడుతున్న మందుల అట్టలు, ఆధార్, నాలుగు ప్యాడ్‌లు, రక్తం ఇవ్వగల ఇద్దరు మనుషులు. స్కాన్ సెంటర్‌లో 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ఫారం ఎఫ్ నింపి సంతకం తీసుకుంటారు, దానికి గుర్తింపు కార్డు అడుగుతారు. ఆధార్ మరిచిపోయి స్కాన్ ఆగిపోయిందంటే ఆ రోజు వృథా. స్కాన్ రిపోర్టులు ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి అటు తీసింది ఇటు కూడా చదువుతారు. కాపీ మీ దగ్గరే ఉంచుకోండి.

తీవ్రమైన నొప్పి ఉన్న మనిషికి దారిలో అన్నం, టిఫిన్ పెట్టకండి. ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇవ్వాలి, కడుపు నిండుగా ఉంటే ప్రమాదం. కళ్ళు తిరుగుతుంటే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళ కింద మూట పెట్టండి. ఘాట్ రోడ్డు కుదుపుకి కడుపు పోతుందని ప్రయాణం ఆపడం మాత్రం వద్దు.

ప్రమాద గుర్తులేవీ లేక చుక్కలే ఉంటే ఆ రోజు లేదా మర్నాడు చూపించుకుంటే చాలు. ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణికి పరీక్షలు, మందులు, రక్తం, వెళ్ళిరావడానికి బండి ఉచితం. ఇది 2011 నుంచి దేశమంతా ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద మీ హక్కు. చిన్న ఆసుపత్రుల్లో స్కాన్ రోజూ ఉండకపోవచ్చు, బయల్దేరేముందు ఆశా దీదీ చేత ఫోన్ చేయించండి.

స్కాన్‌లో ఏం అడగాలి

మొదటి వారాల్లో లోపలి నుంచి చేసే స్కానే నమ్మకమైనది. దానివల్ల కడుపుకి ఏమీ కాదు. దానికి మూత్రం పోసి వెళ్ళాలి, పైనుంచి చేసే దానికైతే నీళ్ళు తాగి మూత్రం ఆపుకుని వెళ్ళాలి. సుమారు 5 వారాలకి సంచి కనబడుతుంది, 6 నుంచి 6న్నర వారాలకి గుండె చప్పుడు. గుండె కొట్టుకోవడం కనబడిందంటే మచ్చ ఉన్నా ఎక్కువమందికి కడుపు నిలుస్తుంది.

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. తేదీ లెక్కకి 7 వారాలు, స్కాన్‌లో 5 వారాల సంచి మాత్రమే ఉంది, "ఎదగలేదు, క్లీన్ చేసేద్దాం" అంటారు. అప్పుడు రెండు అంకెలు అడగండి. పిండం పొడవు 7 మిల్లీమీటర్లు గానీ అంతకు మించి గానీ ఉండి గుండె చప్పుడు లేకపోతే, లేదా సంచి సగటు వ్యాసం 25 మిల్లీమీటర్లు గానీ అంతకు మించి గానీ ఉండి లోపల పిండమే లేకపోతే, కడుపు పోయినట్టే. అంతకంటే తక్కువ ఉంటే ఆ ఒక్క స్కాన్‌తో తేల్చకూడదు. నొప్పి, ఎక్కువ రక్తం లేకుంటే 7 నుంచి 14 రోజులాగి మళ్ళీ చూడాలి. అండం ఆలస్యంగా విడుదలైన ఆడవాళ్ళకి ఆ వారంలో గుండె చప్పుడు వినబడొచ్చు.

గర్భసంచిలో ఏమీ కనబడకపోతే బీటా హెచ్‌సీజీ (గర్భం వల్ల వచ్చే హార్మోను) రక్తపరీక్ష 48 గంటల తేడాతో రెండుసార్లు చేస్తారు. రెండూ ఒకే ల్యాబులో చేయించండి, ల్యాబు మారితే అంకెలు పోల్చలేం. అంకె ఎంత అన్నదానికంటే ఎంత పెరిగిందన్నదే ముఖ్యం. ఈ రెండు రోజులు ఒంటరిగా ఉండకండి, ఆసుపత్రికి దూరంగా కొండ మీది ఊరికి పోకండి.

హిమోగ్లోబిన్, రక్తం గ్రూపు కూడా చూస్తారు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనత, 7 కంటే తక్కువైతే తీవ్రమైనది. అలాంటి మనిషి కొద్ది రక్తం పోయినా తట్టుకోలేదు. గ్రూపు నెగెటివ్ అయి భర్తది పాజిటివ్ అయితే "యాంటీ డి ఇంజెక్షన్ కావాలా" అని మీరే అడగండి. బిడ్డ పాజిటివ్ రక్తం మీద తల్లి ఒళ్ళు తిరగబడకుండా ఆపేది ఇదే. 12 వారాల లోపు చుక్కలకి అందరికీ అవసరం పడదు, డాక్టరు చూసి చెబుతారు. ట్యూబు గర్భానికి ఆపరేషన్ జరిగినా, గర్భసంచి క్లీన్ చేసినా, 12 వారాలు దాటాక రక్తం పడినా మాత్రం సాధారణంగా 72 గంటల్లోపు ఇస్తారు.

ఇంట్లో ఉన్నన్నాళ్ళు

గర్భం సంచిలోనే ఉందని తేలి, ఇంటికి పంపిస్తే మంచం దిగకుండా పడుకోవాల్సిన పని లేదు. పడక విశ్రాంతి వల్ల కడుపు నిలుస్తుందని రుజువు కాలేదు. వారాల తరబడి పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. వంట, నడక చేసుకోవచ్చు. అలసట అనిపిస్తే ఆగాలి, బరువులు ఇంకెవరైనా మోస్తే మంచిది. రక్తం ఆగేదాకా భార్యాభర్తలు కలవకపోవడం మేలు. కలిసినందుకే కడుపు పోతుందని కాదు, కొత్త మచ్చ వస్తే ఎక్కడిదో తెలియక మళ్ళీ కంగారు పడాలి.

ఫోలిక్ యాసిడ్ మాత్ర ఆపకండి. నొప్పికి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, అవసరమైతే పారాసెటమాల్ 500. కానీ నొప్పి పెరుగుతోందంటే మాత్రతో అణచకుండా చూపించుకోవాలి. డాక్టరు రాసిన ఆస్పిరిన్ ఉంటే సొంతంగా ఆపకుండా ఫోన్ చేసి అడగండి. "కడుపు నిలబెట్టే మాత్ర" అని మెడికల్ షాపులో ఇచ్చే ప్రొజెస్టిరాన్ అందరికీ పనికొచ్చేది కాదు. ఇదివరకు కడుపు పోయి, ఇప్పుడు రక్తం కనబడినవాళ్ళకి అది ఉపయోగపడే అవకాశం ఉంది, అది డాక్టరు తేల్చాలి. స్కాన్ చేయకుండా ఆ మాత్ర మొదలుపెడితే, మందు తింటున్నాం కదా అన్న ధీమాలో ట్యూబు గర్భం దాగిపోతుంది. చెట్టుమందులు, కషాయాలు అసలే వద్దు.

కడుపు పోతే

ముట్టు కంటే ఎక్కువ నొప్పి, గడ్డలు కొన్ని గంటలు ఉండి, తర్వాత తగ్గుతూ వస్తుంది. చుక్కలు రెండు వారాల దాకా ఉండొచ్చు. వాటంతట అవే పడిపోయేదాకా చూడడం, మాత్రలు, క్లీనింగ్ అని మూడు దారులున్నాయి. ఎక్కువ రక్తం, జ్వరం లేకపోతే ఏది అన్నది మీరు అడిగి నిర్ణయించుకోవచ్చు. రక్తం మళ్ళీ ఉధృతమైనా, జ్వరం వచ్చినా, వాసన వచ్చినా లోపల ముక్క మిగిలిందని అనుమానించి వెంటనే వెళ్ళాలి. మూడు వారాలయ్యాక ఇంట్లో కిట్‌తో చూసుకోండి. ఇంకా రెండు గీతలొస్తే మళ్ళీ స్కాన్ కావాలి. ముట్టు 4 నుంచి 6 వారాల్లో తిరిగి వస్తుంది, కానీ అది రాకముందే మళ్ళీ గర్భం రావచ్చు కాబట్టి జాగ్రత్త అప్పటినుంచే మొదలవ్వాలి. ఇదివరకు ట్యూబు గర్భం వచ్చినవాళ్ళు మళ్ళీ నెల తప్పిన వెంటనే, మచ్చ కోసం ఎదురుచూడకుండా, 6వ వారంలో స్కాన్‌కి తేదీ పెట్టించుకోవాలి.